చీనా వైద్యమున మార్గశోధక మూలికలు

చీనా భాషలో దేహమునందలి నాడీమార్గములకు 'జింగ్‌లువో' అని పేరు. ఇందు 'జింగ్' అను మాటకు మూలార్థము మగ్గముమీది పడుగు. 'లువో' అనగా వలవంటి అల్లిక. ఈ రెండక్షరములను వ్రాయునపుడు ఎడమ ప్రక్కన పట్టుదారమును సూచించు గుర్తు ఉండును. నిలువుగా సాగు పెద్ద మార్గములు పడుగుదారములవలెను, వానిని కలుపు సన్నని శాఖలు అల్లికవలెను దేహమంతట వ్యాపించి యున్నవని ప్రాచీన చీనా వైద్యులు భావించిరి. షోలాపురమునందును భివండియందును తరతరములుగా మగ్గమును నమ్ముకొని జీవించిన తెలుగు కుటుంబములకు ఈ ఉపమానమును విప్పి చెప్పనక్కరలేదు. పడుగు చిక్కుపడినచో నేత నిలిచిపోవును.

అట్లు చిక్కుపడిన మార్గములను విడదీయుటకు చీనా వైద్యులు వాడిన ఓషధుల చరిత్ర సుమారు రెండువేల సంవత్సరములది. ఈ వైద్యము చీనాలో పుట్టి ఆ దేశపు ఎల్లల నడుమనే పెరిగినదని పలువురు తలంతురు. సిద్ధాంతము మట్టునకు ఈ మాట చాలవరకు సత్యమే. ఓషధుల మట్టునకు కాదు. మార్గములను తెరచునని ప్రసిద్ధి కెక్కిన మందులలో ముఖ్యమైనవి కొన్ని పరదేశములనుండి వచ్చి చేరినవి. వానిలో పెక్కింటికి తెలుగు పేరులు కలవు. కొన్ని తెలుగువారి వంటయింటనే యున్నవి. ఆ చరిత్రను క్రమముగా పరిశీలించినచో, ఆ వైద్యమునెడ అంధభక్తియు తిరస్కారమును రెండును తగవని తేలును. మూలికను కేవలము పేరునుబట్టి నమ్ముట ఎంతటి ప్రమాదమో కూడ తెలియును.

మార్గముల భావన

1973లో హూనాన్ రాష్ట్రమున చాంగ్‌షా నగరము చెంత మావాంగ్‌దుయ్ అనుచోట ఒక సమాధిని త్రవ్విరి. క్రీ.పూ. 168లో మూయబడిన ఆ సమాధిలో పట్టుబట్టలపై వ్రాసిన వైద్యగ్రంథములు లభించినవి. వానిలో నాడీమార్గముల వర్ణన కలదు. కాని అందు చెప్పబడిన మార్గములు పదునొకండే. తరువాతి గ్రంథములలోవలె పండ్రెండు కావు. అవి ఒకదానితో నొకటి కలిసి వలయముగా తిరుగునని కూడ అందు లేదు. చికిత్సగా చెప్పినది సూదులు గ్రుచ్చుట కాదు, చర్మమునకు సెగ తగిలించుట. అనగా ఈ సిద్ధాంతము ఒక్కనాడు ఒక్క ఋషి నోట వెలువడినది కాదు, కాలక్రమమున పెరిగినది.

దానికి పూర్ణరూపము నిచ్చినది 'హువాంగ్‌దీ నేయ్‌జింగ్' అను గ్రంథము. అందలి భాగములు పెక్కు క్రీస్తునకు పూర్వపు చివరి రెండు శతాబ్దులలో కూర్చబడినవని పండితుల అభిప్రాయము. అందు మార్గములు పండ్రెండు. వానిలో రక్తమును ప్రాణశక్తియు ఎడతెగక ప్రవహించుచుండును. ఒక అధ్యాయమున ఈ పండ్రెండు మార్గములను చీనాదేశపు పండ్రెండు జలప్రవాహములతో పోల్చిరి. ఆ కాలమున సామ్రాజ్యమునకు నదులకు గట్లు పోయుట, కాలువలు త్రవ్వుట, ధాన్యమును పడవలపై తరలించుట జీవనాధారములు. కాలువలో పూడిక చేరినచో ఎగువ పొలము మునుగును, దిగువ పొలము ఎండును. దేహమునందును అట్లే జరుగునని ఆ వైద్యులు తలచిరి. గాలి, చలి, తేమ అను మూడును దేహమున చొరబడి మార్గమును మూసినచో కీళ్లనొప్పులు, తిమ్మిరి, బిగువు పుట్టుననిరి. ఈ రోగసమూహమునకు 'బీ' అని పేరు పెట్టిరి. ఆ మాటకు అడ్డుపడుట అనియే అర్థము.

చరకసంహిత విమానస్థానమున ఐదవ అధ్యాయము స్రోతస్సులను గూర్చినది. అందు పదుమూడు స్రోతస్సులు చెప్పబడినవి. అవి దుష్టి నొందినచో వ్యాధి కలుగునని యున్నది. ఈ రెండు భావములకు పోలిక కలదు; ఏకత్వము లేదు. చరకుని స్రోతస్సులు ప్రాణము, జలము, అన్నము, రసరక్తాది ధాతువులు, మలములు అను ద్రవ్యములను మోయు దారులు. చీనా మార్గములు దేహముపై గీచినట్లు గుర్తింపదగిన రేఖలు, ఒక్కొక్కటి ఒక్కొక్క అవయవమునకు సంబంధించినది. రెండు దేశములవారును ప్రవాహమును చూచిరి. దానిని రెండు తీరుల వర్ణించిరి.

దేశీయ మూలికలు

హాన్ వంశపు పాలన ముగియుచున్న కాలమున, క్రీస్తు తరువాతి రెండవ శతాబ్ది చివర, జాంగ్ జోంగ్‌జింగ్ అను వైద్యుడుండెను. చలివలన చేతులు కాళ్లు చల్లబడి నాడి సన్నగిలిన రోగికి ఆయన చెప్పిన కషాయము నేటికిని వాడుకలో నున్నది. అందు దాంగ్‌గుయ్ వేరు, పియోనీ వేరు, దాల్చిన కొమ్మ, అతిమధురము, రేగుజాతి పండ్లు మొదలగు ఏడు ద్రవ్యములు కలవు. దాల్చిన కొమ్మ మార్గములను వెచ్చజేయునని వారి మతము. ఇచట తెలుగువారు గమనింపదగిన విషయ మొకటి కలదు. 'దాల్చిన' అను మాట తెలుగునకు పారసీకమునుండి వచ్చినది. ఆ భాషలో 'దార్‌చీనీ' అనగా చీనా కట్టె. తెలుగు వంటయింటిలో నిత్యము వినబడు ఈ మాటలో చీనాదేశపు పేరు దాగియున్నది.

ఆ కషాయమున మరియొక ద్రవ్యము తీగకట్టె. దానికి తరువాతివారు 'మూతోంగ్' అని పేరు పెట్టిరి. ఆ పేరునకు ఆరపార దారి గల కట్టె అని అర్థము. ఆ కట్టెను అడ్డముగా కోసినచో సన్నని రంధ్రములు కనబడును. దారి గల కట్టె దేహమున దారి తీయునని తర్కము. ఇట్టి తర్కమే పెక్కు తీగల విషయమున కనబడును. తీగ ప్రాకును, చుట్టును, సందులలో చొరబడును; కావున అది మార్గములలో ప్రవేశించునని నమ్మిరి.

ఈ తర్కమునకు మిక్కిలి స్పష్టమైన ఉదాహరణము నేతిబీర. లీ షిజెన్ అను మహావైద్యుడు 1578లో ముగించిన 'బెన్‌త్సావ్ గాంగ్‌ము' అను ద్రవ్యగుణ గ్రంథమున 1,892 ద్రవ్యములను వర్ణించెను. అది ఆయన మరణానంతరము 1596లో నాన్‌జింగ్ నగరమున అచ్చయినది. ముదిరిన బీరకాయలోని పీచు నరములవలె అల్లుకొని యున్నది గాన అది మానవుని మార్గములలోనికి పోగలదని ఆయన వివరించెను. పూర్వగ్రంథములలో ఈ కాయ ప్రసక్తి లేదని కూడ ఆయనయే గుర్తించెను. ఈ తీగ దక్షిణాసియానుండి వ్యాపించినదని వృక్షశాస్త్రజ్ఞులు తలంతురు. తెలుగు పల్లెలలో ఒళ్లు రుద్దుకొనుటకు వాడు బీరపీచు చీనా మందులంగడిలో నాడీమార్గములను శోధించు ఔషధముగా తూకమునకు అమ్ముడుపోవుచున్నది.

సముద్రముమీద వచ్చిన ఓషధులు

తాంగ్, సోంగ్ వంశముల కాలమున చీనా రేవులు ప్రపంచమునకు తెరువబడినవి. 659లో తాంగ్ ప్రభుత్వము వెలువరించిన ద్రవ్యగుణ గ్రంథమున పసుపు కలదు. నిలిచిన రక్తమును కదలించుననియు, భుజములలోను చేతులలోను నొప్పిని పోగొట్టుననియు తరువాతివారు దానిని ప్రశంసించిరి. 1178 నాటి ఒక యోగసంగ్రహమున భుజపు బిగువునకు చెప్పిన కషాయములో పసుపు ముఖ్యద్రవ్యములలో నొకటి. కుసుమపువ్వు పడమటి దేశములనుండి వచ్చినది. తెలంగాణపు పడమటి పొలములలోను, షోలాపురము చుట్టుపట్లను, ఉత్తర కర్ణాటకమునను నూనెకై సాగగు ఆ మొక్క పూరేకులనే చీనావారు రక్తమును నడిపించు మందుగా గ్రహించిరి.

వీనికంటె దూరమునుండి వచ్చినవి రెండు బంకలు. ఒకటి చీనాలో 'రూష్యాంగ్' అనబడు అరబ్బీ కుందురుష్కము. పాలచుక్కవలె కారి గట్టిపడును గాన దానికి 'పాలపరిమళము' అని ఆ పేరు. తెలుగు కొండలలో పెరుగు అందుగుచెట్టు దీని జ్ఞాతి. రెండవది 'మోయావ్'. ఇందు 'మో' అనునది పశ్చిమాసియా భాషలలోని 'ముర్ర్' అను మాటకు చీనా ఉచ్చారణము. ఇదియే సంస్కృతమున బోళము, తెలుగున బాలింతబోలు. ప్రసవించిన స్త్రీకి ఉపయోగించుటనుబట్టి తెలుగున ఆ పేరు ఏర్పడినది. చీనా వైద్యులును ప్రసవానంతరము నిలిచిన రక్తమునకు దానిని వాడిరి. ఒకరినుండి ఒకరు నేర్చిరని దీనినిబట్టి నిర్ణయింపరాదు. ఒకే సముద్రముపై సాగిన వర్తకము ఒకే వస్తువును రెండు తీరములకు చేర్చినదని మాత్రము చెప్పవచ్చును.

1076లో సోంగ్ ప్రభుత్వము రాజధానియగు కైఫెంగ్‌లో ప్రజలకు మందులమ్ము శాలను స్థాపించెను. ఆ సంస్థకు చెందిన యోగములు పండ్రెండవ శతాబ్ది మధ్యమునకు పెద్ద సంపుటముగా రూపొందినవి. అందలి 'హువోలువో దాన్' అను మాత్రకు మార్గముల అల్లికను చైతన్యపరచు గుళిక అని అర్థము. దానిలో ద్రవ్యము లారు: రెండు విధములైన వసనాభి జాతి వేరులు, చేమకుటుంబపు దుంప యొకటి, వానపాము, కుందురుష్కము, బోళము. వానపామును చీనావారు 'దీలోంగ్' అందురు. నేలలోని డ్రాగన్ అని అర్థము. భారతీయ రసశాస్త్రము దానినే భూనాగ మన్నది. రెండు దేశములవారును ఒక చిన్న ప్రాణికి ఒకే తీరుగా గౌరవమైన పేరు పెట్టుట విశేషము. మట్టిని తొలిచి దారి చేయు జీవి దేహమునను దారి చేయునని ఇచటి తర్కము. వసనాభి తీవ్రవిషము, నానబెట్టి చాలసేపు ఉడికించి శుద్ధి చేయనిచో గుండెను ఆపును. ఆ ఎరుక చీనా వైద్యులకును భారతీయ వైద్యులకును సమానముగా నుండెను.

ఆ కాలమున కుందురుష్కపు వర్తకము చీనా ప్రభుత్వపు గుత్త. 1974లో చువాన్‌జౌ రేవు సమీపమున బురదలోనుండి వెలికి తీసిన సోంగ్ కాలపు ఓడలో 2,000 కిలోలకు మించిన సుగంధపు కట్టెయు, మిరియములు, పోకలు, కుందురుష్కము, ఇంగిలీకము దొరకినవి. ఆ ఓడ 1270 దశకమున మునిగినది. అంతకు ముప్పది యేండ్ల క్రిందట, 1244లో, కాకతీయ గణపతిదేవుడు నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవున అభయశాసనమును వేయించెను. తుపానునకు చిక్కి తీరమునకు కొట్టుకొని వచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు హరించెడివారనియు, తాను న్యాయమైన సుంకము మాత్రమే తీసికొందుననియు అందు చెప్పెను. సుంకముల పట్టికలో చందనము, కర్పూరము, చీనికర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, పట్టు, పగడములు, మిరియములు, పోకలు కలవు. చీనా మందులశాలకు పోవు సరకును, తెలుగు రేవున దిగు సరకును ఒకే వర్తకజాలమునకు చెందినవనుటకు ఈ రెండు సాక్ష్యములు చాలును.

ఈ రాకపోకలు ఒకవైపు మాత్రమే సాగలేదు. పదునారవ శతాబ్దిలో పోర్చుగీసువారు చీనానుండి ఒక వేరును గోవాకు తెచ్చిరి. సుఖవ్యాధికిని కీళ్లపోటునకును అది దివ్యౌషధమని ప్రసిద్ధి కెక్కెను. గోవాలో నివసించిన గార్సియా ద ఓర్తా 1563లో అచ్చయిన తన గ్రంథమున దానిని వర్ణించెను. భావప్రకాశము దానిని ద్వీపాంతరవచ యనెను. తెచ్చినవారు ఫిరంగులు గాన తెలుగువారు పరంగిచెక్క యనిరి. తమిళులు పరంగిపట్టై యనిరి. సరకు చీనాది, పేరు తెచ్చినవానిది.

వాంగ్ చింగ్‌రెన్ చేసిన సంస్కరణము

పదునెనిమిదవ శతాబ్దిలో సూజౌ నగరపు వైద్యుడు యే త్యెన్‌షి దీర్ఘవ్యాధులు పెద్ద మార్గములను దాటి సన్నని అల్లికలో స్థిరపడునని బోధించెను. అట్టివానికి సాధారణ మూలికలు చాలక కీటకములను కూడ ప్రయోగించెను. ఆయన అనంతరము వచ్చిన వాంగ్ చింగ్‌రెన్ (1768–1831) మరింత సాహసి. ప్రాచీనగ్రంథములలోని అవయవవర్ణనలు పరస్పరము పొసగకుండుట ఆయన మనస్సును కలచెను. 1797లో ఒక పల్లెలో శిశువుల మారి వ్యాపించెను. పేదలు బిడ్డలను చాపలలో చుట్టి లోతులేని గోతులలో పూడ్చుచుండగా కుక్కలు వానిని త్రవ్వుచుండెను. వాంగ్ పది దినములు ప్రతి ఉదయమును అచటికి పోయి, దుర్గంధమును సహించి, బయటపడిన అవయవములను స్వయముగా పరిశీలించెను. శవచ్ఛేదము ఆచారవిరుద్ధమైన సమాజమున ఇది సామాన్యమైన సాహసము కాదు. తన పరిశీలనలను 1830లో వైద్యుల తప్పులను సవరించు గ్రంథముగా ప్రకటించెను.

ఆయన కూడ తప్పులు చేసెను. శవములలో ధమనులు ఖాళీగా కనబడుటచే అవి రక్తమును గాక ప్రాణవాయువును మోయుననుకొనెను. గ్రీకు వైద్యుడు ఎరాసిస్త్రాతస్ కూడ పూర్వము ఇట్లే పొరబడెను. శవమున ఉదరవితానమునకు పైభాగమున చేరిన రక్తమును చూచి అది రక్తమునకు సహజమైన నిలయమని తలచెను. కాని పక్షవాతమునకు ఆయన చెప్పిన యోగము నేటికిని చీనాలో విరివిగా వాడబడుచున్నది. అందు హువాంగ్‌చీ అను చిక్కుడు కుటుంబపు వేరు 40 తులనములు. దాంగ్‌గుయ్ వేరు కొనలు, ఎఱ్ఱ పియోనీ వేరు, చువాన్‌శ్యోంగ్ దుంప, పీచ్‌పండు గింజలు, కుసుమపువ్వు, వానపాము ఈ ఆరును కలిపి ఏడున్నర మాత్రమే. (చీనా తూకమున పది 'చియెన్'లు ఒక 'ల్యాంగ్', ఇచట తులనమనగా చియెన్.) పూర్వులు పక్షవాతమునకు గాలి కారణమనిరి. వాంగ్ ఆ మాటను త్రోసిపుచ్చెను. ప్రాణశక్తి సగము క్షీణించినందున నెట్టువాడు లేక రక్తము నిలిచిపోవుననెను. కాలువలో పూడిక తీసినంత మాత్రమున చాలదు, ఎగువనుండి నీరు వదలవలెను అనుట ఆ నిష్పత్తి యొక్క భావము.

నేటి పరీక్షలు

ఈ మార్గములను శరీరమున కత్తికొననుగాని సూక్ష్మదర్శినితోగాని ఇంతవరకు ఎవరును నిర్వివాదముగా చూపలేదు. 1960 దశకపు ఆరంభమున ఉత్తర కొరియాలో వాని నాళములను కనుగొంటిమని ప్రకటించిరి గాని ఆ వాదము నిలువలేదు. సిద్ధాంతమునకు శారీరక సాక్ష్యము లేకున్నను మందు పనిచేయునో లేదో వేరుగా పరీక్షింపవచ్చును. అట్టి పరీక్షలు జరిగినవి.

వాంగ్ యోగములోని మూలికలలో పెక్కింటిని చేర్చుకొని, మొత్తము 14 ద్రవ్యములతో చేసిన యొక ఔషధమును పక్షవాతరోగులు సుమారు 1,100 మందిపై ఆసియా దేశములలో పరీక్షించిరి. 2013లో ఫలితము వెలువడినది. మూడు మాసముల పిదప మందు తిన్నవారికిని తినని వారికిని గణితరీత్యా నిశ్చయింపదగిన భేదము కనబడలేదు. 2023లో వెలువడిన మరియొక ఫలితము ఇందుకు భిన్నము. గుండెమార్గపు అల్లికను తెరచునది అను అర్థము గల 'తోంగ్‌శిన్‌లువో' అను మందును చీనాలోని 124 ఆసుపత్రులలో తీవ్రమైన గుండెపోటు వచ్చిన 3,777 మందిపై పరీక్షించిరి. అందు జలగ, తేలు, కుందురుష్కము, చందనము మొదలగునవి కలవు. అందరికిని ఆధునిక చికిత్స జరుగుచుండగా, దానికి తోడుగా సగముమందికి ఈ మందును, సగముమందికి మందు లేని ఉత్తమాత్రను ఇచ్చిరి. ముప్పది దినములలో మరణము, పునర్గుండెపోటు, పక్షవాతము మొదలగు ఉపద్రవములు మందు తిన్నవారిలో నూటికి 3.4, తక్కినవారిలో 5.2. ఈ భేదము గణనీయమే. అయినను అది నాడీమార్గములున్నవనుటకు సాక్ష్యము కాదు. ఆధునిక చికిత్సకు బదులుగా ఆ మందు చాలుననుటకును సాక్ష్యము కాదు. రక్తమును పలుచజేయు వార్ఫరిన్ తీసికొను రోగి దాన్‌షెన్, దాంగ్‌గుయ్ వేరులను కూడ తిన్నచో రక్తస్రావప్రమాదము హెచ్చునని వైద్యులు గుర్తించిరి. నోరు వంకరపోయి చేయి పడిపోయిన గంటలలో రోగిని చేర్చవలసినది ఆసుపత్రికే.

పేరుమాటున దాగిన విషము

దారి గల కట్టెయని పైన చెప్పిన మూతోంగ్ కథ ఇంకను మిగిలియున్నది. ఆ పేరుతో పూర్వకాలమున వాడినది వేరొక కుటుంబపు తీగ. ఇటీవలి శతాబ్దులలో మంచూరియానుండి వచ్చు అరిస్టోలోకియా జాతి తీగ అదే పేరుతో అంగళ్లలో చేరినది. పేరు ఒక్కటే, రూపము దగ్గర, వస్తువు వేరు. కీళ్ల మార్గములను తెరచునని వాడు 'ఫాంగ్‌జీ' విషయమునను ఇట్లే రెండు వేరువేరు మొక్కలు ఒక్క పేరును పంచుకొన్నవి. 1990 దశకపు ఆరంభమున బెల్జియమున స్త్రీలు దేహము సన్నబడుటకై ఇచ్చిన మాత్రలలో ఒక ఫాంగ్‌జీకి బదులు మరియొకటి చేరెను. నూరుమందికి పైగా స్త్రీల మూత్రపిండములు చెడినవి. పెక్కురకు ఆ మార్గమున పిమ్మట పుట్టకురుపు సోకెను. 1993లో ఈ విషయమును వైద్యపత్రిక ప్రకటించెను. అరిస్టోలోకియా జాతిలోని ఆమ్లము దీనికి కారణమని తేలినది. 2003లో చీనా ప్రభుత్వము ఆ మంచూరియా మూతోంగ్‌ను నిషేధించెను. దారి తెరచునని పేరొందిన మందే దేహమున ముఖ్యమైన దారులను మూసివేసెను.

ఇది దూరదేశపు వార్త మాత్రమే యని తెలుగువారు ఊరకుండదగదు. తెలుగు పల్లెలలో పాముకాటునకు వాడు ఈశ్వరివేరు అరిస్టోలోకియా జాతిదే; ఆ ఆమ్లము దానియందును కలదు. ఒక పేరుతో పెక్కు వస్తువులు చెలామణి యగు మూలికలను ఆయుర్వేదపండితులు సందిగ్ధద్రవ్యము లనిరి. సందేహమును దాచక దానికొక పేరు పెట్టుట ఆ శాస్త్రము చేసిన గొప్ప మేలు.

తరతరములుగా పరభాషల నడుమ నివసించు తెలుగువారికి ఈ విషయము అనుభవసిద్ధము. బరంపురమున ఒక పేరుతోను, మధురలో వేరొక పేరుతోను, షోలాపురమున మరియొక పేరుతోను అమ్మబడు వేరు ఒకటియే కావచ్చును. ఒకే పేరుతో మూడుచోట్ల అమ్మబడునవి మూడు వేరులును కావచ్చును. దాల్చిన, పరంగిచెక్క, బాలింతబోలు అను పేరులు ఆయా సరకులు నడచిన దారిని తెలుపును. సంచిలోనిది ఏమో అవి తెలుపవు. దానిని తెలిసినవారిచే గుర్తింపజేసికొనిన పిదపనే పొయ్యిమీదికి ఎక్కింపవలెను.